దుంపల సీమలో రంగుల కూర్పు

హాలండు దేశంలో హార్లెమ్ పట్టణం నుంచి లైడెన్ వరకు రైలులో ఇరవై నిమిషాల ప్రయాణం. మిగతా నెలల్లో అది మామూలు ప్రయాణమే. ఏప్రిల్‌లో మాత్రం కిటికీ ప్రక్క సీటు కోసం పెద్దవాళ్లు కూడా చిన్నపిల్లల్లా తొందరపడతారు. సముద్రపు ఇసుక దిబ్బల వెనుక పరచుకొన్న ఆ నేలను అక్కడివారు బొల్లెన్‌స్ట్రేక్ అంటారు. మన మాటలో చెప్పాలంటే దుంపల సీమ. మన కోనసీమకు కొబ్బరి ఎలాగో, ఆ సీమకు తులిప్, హయసింత్, డాఫొడిల్ దుంపలు అలాగ. ఎర్రని పట్టె ఒకటి, దాని ప్రక్కన పసుపు పట్టె, ఆ ప్రక్కన తెలుపు, ఆ తరువాత గులాబి. మగ్గం మీది నుంచి అప్పుడే దించిన చారల దుప్పటిని ఎవరో ఆ చదును నేలమీద పరచిపోయినట్లుంటుంది.

2024 ఏప్రిల్‌లో మేమిద్దరం మా అమ్మాయితో కలిసి ఆ రైలెక్కాం. ఒక పొలంలో యంత్రమొకటి నడుస్తూ, నిండుగా విచ్చుకొన్న పూల తలలన్నిటినీ కోసి నేలమీద పారబోస్తోంది. చూసి మా ప్రాణం ఉసూరుమంది. "అమ్మా, అవి పూల కోసం వేసిన పొలాలు కావు, దుంపల కోసం వేసినవి" అంది అమ్మాయి. పువ్వును అలాగే ఉంచితే మొక్క తన బలమంతా విత్తనానికి ఖర్చు చేస్తుంది. తలను తీసేస్తే ఆకులు తయారుచేసిన ఆహారం దుంపలోకి దిగి అది లావెక్కుతుంది. జూన్, జూలై నెలల్లో తవ్వి, ఎండబెట్టి, సైజుల వారీగా ఏరి, దేశదేశాలకు పంపుతారు. కనుక రైలులోంచి కనబడే ఆ పట్టెల ప్రక్కప్రక్క పొందిక ఎవరూ అందం చూసి పెట్టినది కాదు. రైతు తన లెక్క ప్రకారం వేసుకొన్నాడు, మన కంటికి విందైంది, అంతే. రంగులను కోరి, ఆలోచించి కూర్చిన చోటు చూడాలంటే లిస్సె అనే ఊళ్లోని క్యూకెన్‌హాఫ్ తోటకు వెళ్లాలి.

స్కిపోల్ విమానాశ్రయం నుంచి ఆ తోట వాకిలి వరకు బస్సులున్నాయి. క్యూకెన్‌హాఫ్ అంటే వంటింటి తోట. 15వ శతాబ్దంలో జాకొబా అనే ప్రభ్వి కోట వంటశాలకు కూరలు, ఆకులు ఈ అడవి ప్రాంతం నుంచి వచ్చేవట. అలా ఆ పేరు నిలిచిపోయింది. ఇప్పుడు అక్కడున్న కోటను 1641లో కట్టించినవాడు డచ్చి ఈస్టిండియా కంపెనీలో పనిచేసి తిరిగివచ్చిన ఆడ్రియన్ బ్లాక్ అనే నావికుడు. ఆ కంపెనీ పేరు వినగానే మాకు మచిలీపట్నం గుర్తుకొచ్చింది. 1605 ప్రాంతంలోనే వారు అక్కడ వర్తకశాల పెట్టారు. డచ్చివారిని మనవాళ్లు వలందులన్నారు, వారున్న పేట ఈనాటికీ వలందపాలెమే. మన తీరంలో కలంకారీ బట్టలు కొన్న కంపెనీ, ఇక్కడ ఇసుక దిబ్బల నడుమ కోటలకు సొమ్ము సమకూర్చిన కంపెనీ, రెండూ ఒకటే.

కోట చుట్టూ ఉన్న ఉద్యానవనానికి 1857లో జోకర్ అనే తోటల శిల్పుల కుటుంబం రూపు దిద్దింది. వంపులు తిరిగే బాటలు, చెరువు, పెద్ద పెద్ద బీచ్ చెట్లు అప్పటివే. 1949లో ఆ ఊరి మేయరు, కొందరు దుంపల రైతులు, ఎగుమతిదారులు కలిసి తమ పూలను ఒకేచోట చూపే ప్రదర్శన పెట్టాలనుకొన్నారు. 1950 వసంతంలో గేట్లు తెరిస్తే ఆ మొదటి యేడే 2 లక్షల 36 వేల మంది వచ్చారు. ఇప్పుడు తోట విస్తీర్ణం 32 హెక్టార్లు, అంటే సుమారు 80 ఎకరాలు. ఏటా నాటే దుంపలు దాదాపు 70 లక్షలు. తోట తెరిచి ఉండేది మార్చి మధ్య నుంచి మే మధ్య వరకు ఎనిమిది వారాలే. తులిప్‌లలోనే 800 రకాలంటారు. మేము లెక్కపెట్టలేదు, లెక్కపెట్టే ఓపిక అక్కడ ఎవరికీ మిగలదు.

పూలకంటే ముందు మేము చూసినది దుంపలను, మట్టిని. 2023 అక్టోబరులో మొదటిసారి అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు క్యూకెన్‌హాఫ్ మూసి ఉంది. ఆమ్‌స్టెల్‌వేన్‌లో వాళ్ల ఇంటి ప్రక్కన ఒక పెద్దావిడ ఉంటుంది, అప్పటికి ఎనభై ఆరేళ్లు. (ఆ ఊళ్లో మన తెలుగువాళ్లతో సహా భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి గనుక ఆవిడకు మన పచ్చళ్ల రుచి కూడా తెలుసు.) ఇంటి ముందు ఆవిడకున్నది మంచం పట్టేటంత నేల. అందులో ఆవిడ మోకాళ్ల క్రింద చిన్న దిండు వేసుకొని దుంపలు నాటుతుంటే మేము గట్టుమీద కూర్చొని చూశాం.

ముందు మట్టిని జానెడు లోతున తీసి ప్రక్కన కుప్ప పోసింది. అడుగున మే నెలలో పూసే తులిప్‌లు. ఉల్లిగడ్డను బోలిన దుంపను మొన పైకి, వేళ్ల చక్రం క్రిందికి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా కూర్చోబెట్టింది. వాటిమీద నాలుగు వేళ్ల మట్టి. ఆ పైన ఏప్రిల్‌లో పూసే హయసింత్‌లు, పొట్టి డాఫొడిల్‌లు. మళ్లీ మట్టి. అన్నిటికంటే పైన, బెత్తెడు లోతులో, గోళీలంత క్రోకస్ దుంపలు. క్రోకస్ అంటే మన కుంకుమపువ్వు జాతి. ఒకే జాగాలో మూడు అంతస్తులు. క్రింది మొలక పైకి వస్తూ పైదుంపను తాకితే ప్రక్కకు ఒరిగి దారి చేసుకొంటుందని ఆవిడ చెప్పింది. ఏ దుంపైనా దాని ఎత్తుకు మూడింతల లోతులో ఉండాలన్నది అక్కడి తోటమాలులందరి సూత్రం. పెద్దది లోతుకు, చిన్నది పైకి పోవడం అలా తానే కుదురుతుంది. క్యూకెన్‌హాఫ్‌లో కూడా అక్టోబరు నుంచి డిసెంబరు మొదటివరకు సుమారు నలభై మంది తోటమాలులు ఇదే పద్ధతిలో అంతస్తులుగా నాటుతారు. అందువల్లనే ఎనిమిది వారాలలో ఏ వారం వెళ్లినా ఆ మళ్లు ఖాళీగా కనబడవు.

ఆవిడ ఒక తులిప్ దుంపను కత్తితో నిలువుగా రెండు చెక్కలు చేసి మాకు చూపించింది. తెల్లని పొరల మధ్య, లేతపచ్చగా, మినపగింజంత మొగ్గ. రాబోయే ఏప్రిల్ పువ్వు అక్టోబరునాటికే లోపల తయారై ఉన్నది. వేసవిలో గిడ్డంగిలో ఉన్నప్పుడే అది ఏర్పడుతుందట. ఆ మొగ్గ కాడను సాగదీసుకొని బయటకు రావాలంటే మాత్రం పన్నెండు నుంచి పదహారు వారాల చలి కావాలి. ఆ చలి తగలకపోతే పువ్వు ఆకుల మధ్యనే కుదించుకుపోతుంది. ఎండ లేకపోవడం గురించి బాధపడే మొక్కలను మనం చాలా చూశాం. చలి లేకపోతే పూయలేని మొక్కను దగ్గరగా ఎరగడం మాకు అదే మొదలు.

ఇక రంగుల విషయం. మనలో చాలామందిమి తోటలో రంగులు కలపడమంటే ఎరుపు ప్రక్కన పసుపు, పసుపు ప్రక్కన తెలుపు అనుకొంటాం. దుంపల విషయంలో అది సగమే నిజం. ఉదాహరణకు ప్యూరిస్సిమా అనే తెల్ల తులిప్, క్వీన్ ఆఫ్ నైట్ అనే ముదురు తులిప్ తీసుకోండి. బొమ్మల పుస్తకంలో ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఇంతకు మించిన జోడీ లేదనిపిస్తుంది. అయితే ప్యూరిస్సిమా ఏప్రిల్ మొదట్లోనే పూస్తుంది. క్వీన్ ఆఫ్ నైట్ మే వచ్చేదాకా కళ్లు తెరవదు. ఒకే మడిలో, ఒకే రోజు నాటినా ఆ రెండు పూలూ ఒకదాని ముఖం ఒకటి చూడవు. ఎవరైనా తెలియక అలా నాటితే సంగతి బయటపడేది ఆరు నెలల తరువాత. దిద్దుకోవాలంటే మళ్లీ అక్టోబరు రావాలి, మళ్లీ చలికాలం గడవాలి. కాబట్టి అక్కడివారు మొదట పూసే వారాన్ని చూసుకొంటారు, తరువాత ఎత్తు, ఆ తరువాతే రంగు. ఫిబ్రవరి చివర క్రోకస్, మార్చిలో పొట్టి డాఫొడిల్, మార్చి చివరినుంచి హయసింత్, ఏప్రిల్‌లో మస్కరి, మధ్యరకం తులిప్‌లు, మే నెలలో ఆలస్యపు తులిప్‌లు, ఆ వెనుక గుండ్రని ఊదా బంతుల్లాంటి ఆలియం. ఈ ఆలియం మన ఉల్లి, వెల్లుల్లి చుట్టమే.

ఏప్రిల్‌లో క్యూకెన్‌హాఫ్‌లో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టినది నీలం. లోకంలో నీలి తులిప్ లేదు. నీలమని పేరు పెట్టి అమ్మేవి దగ్గరగా చూస్తే ఊదావే. ఆ లోటును తీర్చేది మస్కరి. జానెడు ఎత్తున, ద్రాక్షగుత్తిని తలక్రిందులు చేసి నిలబెట్టినట్లుండే చిన్న పువ్వు. విడిగా చూస్తే ఎవరూ ఆగి చూడరు. బీచ్ చెట్ల మధ్య వేల సంఖ్యలో, వాగు పారినట్లు వంపు తిప్పి నాటేసరికి దాని ఒడ్డున నిలబడ్డవారు మాటలాడటం మానేశారు. మరొకచోట అదే మస్కరిని పసుపు, ఎరుపు తులిప్‌ల పాదాల వద్ద నాటారు. తులిప్ కాడ పొడుగ్గా, బోసిగా ఉంటుంది. క్రింద నీలం పరుచుకొంటే ఆ బోసితనం కనబడదు, పై రంగు రెట్టింపుగా వెలుగుతుంది. గద్వాల చీరకు నేతగాడు ఒంటిరంగు ఒకటి, అంచు రంగు వేరొకటి ఎందుకు వేస్తాడో తెలిసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

క్వీన్ ఆఫ్ నైట్‌ను నల్ల తులిప్ అంటారు గాని నిజానికి అది పండిన నేరేడు రంగు. అది ఒక్కటే గుంపుగా ఉంటే దూరానికి నేలలో గుంట పడినట్లు కనబడుతుంది. ప్రక్కన తెలుపో, లేత గులాబీయో ఉంటేనే దాని పట్టుమెరుపు తెలుస్తుంది. ప్రిన్సెస్ ఐరీన్ అనే నారింజ తులిప్ రేకుల మీద ఊదా మంటలాంటి చారలుంటాయి. దాని ప్రక్కన వేయవలసిన రంగేదో పువ్వే చెబుతోంది గనుక ఊదా తులిప్‌లు వేశారు, చక్కగా అమరింది. థాలియా అనే తెల్ల డాఫొడిల్‌ల మధ్య నీలి హయసింత్‌లున్న మడి మాకు మరీ నచ్చింది. దాని దగ్గరకు చేరకముందే సువాసన ఎదురొచ్చింది. కిరీటంలా నారింజ గంటలు వ్రేలాడే ఫ్రిటిల్లేరియా మాత్రం దూరంనుంచి చూడవలసినదే. దగ్గరకు వెళితే నక్క వాసన.

అన్ని రంగులనూ కలిపి కదంబంలా వేసిన మళ్లు కూడా ఉన్నాయి. ఫొటోలు తీసుకొనేవారు వాటి ముందే ఎక్కువ. మాకు మాత్రం అవి తిరునాళ్లలో రంగు కాగితాలు కట్టినట్లనిపించాయి. కదంబమాల మెడలో బాగుంటుంది, ఎందుకంటే అది మూరెడే. అర ఎకరం కదంబం కంటికి బరువు. రెండు రంగులు, మహా అయితే మూడు, ఒకే వారంలో పూసేవి, చుట్టూ కంటికి విశ్రాంతినిచ్చే పచ్చగడ్డి. మేము చూసినంతలో మంచి మళ్లన్నీ ఇలాంటివే.

చారల తులిప్‌ల కథ ఒకటి చెప్పాలి. తులిప్ హాలండు పువ్వు కాదు, మధ్య ఆసియా కొండలది. తురుష్కుల తోటల మీదుగా ఐరోపాకు వచ్చింది. 1593లో లైడెన్ విశ్వవిద్యాలయపు తోటకు వచ్చిన క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు నాటిన తులిప్‌లు మరుసటి వసంతంలో పూశాయి. తరువాత నలభై యేళ్లకు, తెల్లని రేకులమీద ఎర్రని మంటలు పారే తులిప్‌లకోసం జనం వెర్రెత్తిపోయి ఒక్క దుంపకు ఇల్లంత ధర పలికించారు. 1637 ఫిబ్రవరిలో ఆ వ్యాపారం కూలిపోయింది. ఆ చారలు పేనుబంక మోసే ఒక వైరస్ తెగులు వల్ల వచ్చినవని తెలిసింది 1928లో, డొరొతి కేలీ అనే శాస్త్రవేత్త పరిశోధన వల్ల. ఇప్పుడు తోటలో కనబడే చారల తులిప్‌లు తెగులు లేనివి, చారలు స్థిరంగా ఉండేలా పెంచిన రకాలు.

ఇవి మన ఇళ్లలో పూస్తాయా అని పాఠకులు అడగవచ్చు. మన మైదానాలలో అంత చలి అన్ని వారాలు ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టి చలి చూపించిన దుంపలు ఒక్కసారి కొద్దిరోజులు పూస్తాయి, అంతే. మన దేశంలోనే చూడాలనుకొంటే శ్రీనగర్‌లో దాల్ సరస్సుకు ఎదురుగా, జబర్వన్ కొండ దిగువన తులిప్ తోట ఉంది. దాని దుంపలు కూడా హాలండునుంచి వచ్చినవే. మన పెరడుకు మన దుంపలున్నాయి. వేసవిలో ఎర్రని అమరిల్లిస్, మే నెలలో బంతిలా గుండ్రంగా పూసే ఫుట్‌బాల్ లిల్లీ, తొలకరి పడగానే రెయిన్ లిల్లీ, ఆపైన నేలసంపెంగ. వీటినీ పూసే వారాల ప్రకారం ప్రక్కప్రక్కన నాటి చూడవచ్చు.

క్యూకెన్‌హాఫ్ విషయంలో మా ఇద్దరికీ ఒకచోట పొత్తు కుదరలేదు. మే నెలలో తోట మూసిన తరువాత ఆ దుంపలన్నిటినీ తవ్వి తీసేస్తారు. శరత్కాలంలో మళ్లీ కొత్తవే నాటుతారు. తులిప్ పూసిన తరువాత తల్లిదుంప కృశించి, దాని చోట చిన్న పిల్లదుంపలు వస్తాయి. మరుసటి యేడు అవి కొన్ని పూస్తాయి, కొన్ని పూయవు. ప్రదర్శనకు అవి పనికిరావు. 2020లో కరోనా కారణంగా తోట అసలు తెరవనే లేదు. ఆ యేడు కూడా లక్షలాది పూలు పూసి, చూసేవారు లేకుండానే రాలిపోయాయి. ఇది దుబారా అని మాలో ఒకరి వాదన. పూలు చూడటానికి వచ్చి దుంపల లెక్క తీయడమెందుకని రెండవవారి వాదన. అదే మాట ప్రక్కింటి పెద్దావిడ దగ్గర ఎత్తాం.

ఆవిడ పుట్టి పెరిగింది హార్లెమ్‌లో. 1944 శరత్కాలంలో రైలు కార్మికుల సమ్మెకు బదులుగా జర్మను సైన్యం హాలండు పడమటి భాగానికి ఆహారం రాకుండా ఆపివేసింది. దానికి తోడు గడ్డకట్టించే చలికాలం. మనిషికి రోజుకు వచ్చే రేషను వెయ్యి కేలరీల లోపుకు పడిపోయింది. ఆ ఆకలి చలికాలంలో ఇరవై వేలకు పైగా జనం చనిపోయారు. యుద్ధం వల్ల అమ్ముడుపోని తులిప్ దుంపలు గిడ్డంగుల్లో నిలవ ఉన్నాయి. లోపలి మొలక విషమని దానిని గిల్లి తీసేసి, పొరలను ఉడికించి, రుబ్బి, రొట్టెలు కాల్చుకొని తిన్నారు. డాఫొడిల్, హయసింత్ దుంపలు విషం గనుక వాటిని ముట్టుకోలేదు. అప్పటికి ఆవిడకు ఏడేళ్లు. వాళ్లమ్మ దుంపలు కోసేటప్పుడు మధ్యనున్న మొగ్గను తీసి గిన్నె ప్రక్కన వరుసగా పెట్టేదట. పిల్లలు వాటిని లెక్కపెట్టేవారట.

అన్ని దుంపలు ఏటేటా తవ్వి తీసేస్తుంటే మీకు బాధ లేదా అని అడిగాం. లేదంది. తులిప్ దుంపలు ఉండవలసిన చోటు తోటే గాని గిన్నె కాదనీ, లక్షల దుంపలు పూలకోసమే ఖర్చయిపోతున్న రోజులు తనకు మంచి రోజులుగా కనబడతాయనీ చెప్పింది. దుబారా అని వాదించిన మాలోని ఒకరు ఆ తరువాత ఆ మాట ఎత్తలేదు, అయితే ఒప్పుకొన్నట్లు కూడా లేరు.

ఆవిడ మడిలో మాత్రం తవ్వి తీసేది తులిప్‌లనే. డాఫొడిల్‌లు, మస్కరి ఏళ్లతరబడి నేలలోనే ఉండి తామే పెరిగి గుంపులవుతాయి. పూలు వాడిన తరువాత ఆకులు పసుపురంగుకు తిరిగి పడిపోయేదాకా, దాదాపు ఆరు వారాలు, ఆవిడ వాటిని కోయదు, ముడి వేయదు. వచ్చే యేటి పువ్వు ఆ ఆకులలోనుంచే దుంపలోకి దిగాలి గనుక, చూడటానికి అందంగా లేకపోయినా అలా వదిలేస్తుంది. మేము బయలుదేరే రోజున ఆ మడిలో క్రోకస్ ఆకులు గడ్డిలా వాలిపోయి ఉన్నాయి, హయసింత్‌లు రంగు తగ్గాయి, వాటి మధ్యనుంచి క్వీన్ ఆఫ్ నైట్ మొగ్గలు ఇంకా పచ్చగానే పైకి లేస్తున్నాయి.